చేతికి వెల కట్టిన చట్టం

ఖమ్మం నుంచి వరంగల్లు పోయే రోడ్డు మీద వుంది తిరుమలాయపాలెం మండలం. అక్కడ ఏ వూరికి పోయినా ఇవాళ మనిషి పక్కన ఒక యంత్రం కనబడుతుంది. దున్నడానికి ట్రాక్టరు, దాని వెనక రోటవేటరు, వరికోతకు మిషను, మందు కొట్టడానికి పవరు స్ప్రేయరు, బావి దగ్గర మోటారు, స్టార్టరు! 2017లో భక్త రామదాసు ఎత్తిపోతల నీళ్ళు వచ్చిన తరువాత సేద్యం పెరిగింది. సేద్యంతో పాటు యంత్రాలూ పెరిగాయి. పొలం పని లేని రోజుల్లో ఇక్కడి కుర్రాళ్ళు ఖమ్మం చుట్టుపక్కల గ్రానైటు రాయి కోసే ఫ్యాక్టరీలకు, పత్తి మిల్లులకు, ఇళ్ళ కట్టుబడి పనులకు పోతారు. యంత్రం వచ్చిన చోటికి దాని వెంటనే ప్రమాదం కూడా వచ్చింది. ప్రమాదం జరిగిన మర్నాడు ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు మాత్రం అంత సులువుగా దొరకరు.

ఒక పనివాడి చెయ్యి మిషనులో పడిందనుకోండి. మొదటి రోజంతా ఆసుపత్రి. రెండోరోజు బంధువుల ఏడుపులు. మూడోరోజుకు పెద్దమనుషులు కూర్చుంటారు. యజమాని చెడ్డవాడే కానక్కరలేదు. ఆసుపత్రికి తన బండి మీదనే తీసుకుపోయి వుంటాడు, మొదటి బిల్లు తనే కట్టి వుంటాడు. "జరిగిందేదో జరిగింది బిడ్డా. కోర్టుల చుట్టూ తిరిగితే చెప్పులు అరుగుతయి గానీ పైసలు రావు. ఆయన ఇచ్చేది తీసుకో. రేపు మళ్ళా ఆయన దగ్గరనే గదా పని!" అంటాడు ఒక పెద్దాయన. తెల్లకాగితం మీదనో, బాండు కాగితం మీదనో "ఇకమీదట నాకు ఎటువంటి హక్కూ లేదు" అని రాసి, వేలిముద్ర వేయిస్తారు. విచిత్రమేమిటంటే, ఆ ముద్ర వేసే బొటనవేలికి గూడా చట్టం వెల కట్టి వుంచింది. ఆ సంగతి అక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామందికి తెలియదు.

ఆ కాగితం చెల్లదు. ఈ ఒక్కమాట తెలిస్తే సగం చట్టం తెలిసినట్టే.

1923లో చేసిన కార్మికుల నష్టపరిహార చట్టంలో 17వ సెక్షను అని ఒకటి వుంది. పనివాడు తనకు రావలసిన పరిహారాన్ని వదులుకుంటున్నట్టుగా గానీ, తగ్గించుకుంటున్నట్టుగా గానీ చేసుకునే ఒప్పందం ఏదైనా సరే, ఆ మేరకు అది చెల్లదని ఆ సెక్షను చెబుతుంది. ఇష్టపడి సంతకం పెట్టినా అంతే. మనిషి చనిపోయిన సందర్భంలో చట్టం ఇంకా గట్టిగా మాట్లాడింది. పరిహారం సొమ్మును యజమాని ఆ కుటుంబం చేతికి నేరుగా ఇవ్వగూడదు. పరిహార కమిషనరు దగ్గర డిపాజిటు చెయ్యాలి. మూడు నెలల జీతానికి మించకుండా అడ్వాన్సుగా ఇచ్చుకోవచ్చునే తప్ప, మిగతా చేతిసొమ్ము పరిహారం కింద జమ గాదు. గాయపడింది స్త్రీ అయితే ఆమెకు ఒకేసారి ఇచ్చే పెద్దమొత్తానికి కూడా పాత చట్టంలో ఇదే పద్ధతి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? భర్త పోయిన ఇరవై అయిదేళ్ళ పిల్ల చేతిలో సొమ్ము పడితే దాని చుట్టూ ఎంతమంది మూగుతారో మన ఇళ్ళల్లో మనం చూడనిది కాదు. కమిషనరు ఆ సొమ్మును భార్యకు ఇంత, పిల్లలకు ఇంత, తల్లికి ఇంత అని తానే పంచుతాడు. పసిపిల్లల వాటాను వాళ్ళ పేరు మీద వేయిస్తాడు. పెద్దమనుషులకు ఆ అధికారమూ లేదు, ఆ బాధ్యతా లేదు.

ఇందులో యజమానికి గూడా ఒక హెచ్చరిక వుంది. ఒకేసారి ఇంత ఇచ్చేస్తామని రాజీపడితే, ఆ రాజీపత్రాన్ని కమిషనరు ఆఫీసులో నమోదు చేయించాలి. ఆయన చూసి, మొత్తం సరిగా వున్నదనీ, మోసమూ ఒత్తిడీ లేవనీ తోస్తేనే నమోదు చేస్తాడు. చేయించకపోతే యజమాని పూర్తి పరిహారం కట్టవలసి వస్తుంది. అదివరకు ఇచ్చిన దానిలో, కమిషనరు వేరే విధంగా చెబితే తప్ప, సగానికి మించి మినహాయించుకోవడానికి గూడా వీలులేదు. పెద్దమనుషుల మాట నమ్మి రెండు లక్షలిచ్చిన పుణ్యాత్ముడు, తరువాత పూర్తి లెక్క కట్టేటప్పుడు అందులో ఒక లక్షను మరచిపోవలసిందే!

అసలు యజమానిది తప్పు కానప్పుడు ఆయన ఎందుకివ్వాలి అని న్యాయంగానే అడిగేవాళ్ళుంటారు. పూర్వం ఇంగ్లండులోనూ కోర్టులు ఈ ప్రశ్నే వేసేవి. యజమాని అజాగ్రత్త వల్లనే ప్రమాదం జరిగిందని పనివాడు రుజువు చెయ్యాలి. తోటి పనివాడి పొరపాటు వల్ల జరిగితే యజమానికి సంబంధమే లేదు. చెయ్యి పోయిన కూలివాడు మిల్లు యజమాని మీద సాక్ష్యాలు తెచ్చి గెలవడం ఎంత తేలికో ఊహించుకోవచ్చు. 1884లో జర్మనీలోనూ, 1897లో ఇంగ్లండులోనూ ఈ పద్ధతి మారింది. యంత్రం తిప్పి లాభం తీసుకునేవాడు, ఆ యంత్రం వల్ల జరిగే నష్టాన్ని గూడా తన వ్యాపారం ఖర్చుల్లో చేర్చుకోవాలన్నది కొత్త సూత్రం. మనదేశంలో 1924 జూలై 1 నుంచి ఆ సూత్రమే అమలులోకి వచ్చింది. యజమాని తప్పు వున్నదా లేదా అని ఎవరూ అడగరు. ప్రమాదం పనిలో, పని కారణంగా జరిగిందా అన్నదొకటే ప్రశ్న.

"తాగి వున్నాడండీ", "వద్దన్న పని చేశాడండీ", "కాపలా రేకు తనే పీకి పారేశాడండీ" అన్న మూడు సాకులను చట్టం కొంతవరకు వింటుంది. అయితే మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా ఆ మూడూ పనికిరావు.

ఇక లెక్క. పనివాడి నెల జీతం ఒకటి, అతని వయసును బట్టి చట్టం పట్టికలో ఇచ్చిన గుణకం ఒకటి. ఈ రెండే దీనికి మూలం. చనిపోతే జీతంలో సగాన్ని, శాశ్వతంగా పూర్తిగా పనిచెయ్యలేని స్థితి వస్తే జీతంలో నూటికి 60 వంతులను ఆ గుణకంతో హెచ్చించాలి. ముప్పై ఏళ్ళవాడి గుణకం 207.98, నలభై ఏళ్ళవాడికి 184.17. చిన్నవాడికి ఎక్కువ, ఎందుకంటే ముందున్న సంపాదన కాలం ఎక్కువ.

నెలకు 12,000 తెచ్చుకునే ముప్పై ఏళ్ళ మనిషి రాయి కోసే మిషను దగ్గర ఒక చేతి నాలుగు వేళ్ళూ పోగొట్టుకున్నాడనుకుందాం. జీతంలో 60 వంతులు 7,200. దాన్ని 207.98తో హెచ్చిస్తే 14,97,456 రూపాయలు. ఒక చేతి నాలుగు వేళ్ళకు పట్టికలో 50 శాతం. అంటే 7,48,728 రూపాయలు. బొటనవేలు ఒక్కటే పోతే 30 శాతం. నాలుగున్నర లక్షలకు కొంచెం తక్కువ. ఆసుపత్రి ఖర్చులు 2009 సవరణ దగ్గరనుంచి ఇందులోకి రావు. అవి యజమాని విడిగా భరించాలి. లెక్కలోకి తీసుకునే జీతానికి మాత్రం ఒక గరిష్ఠ పరిమితి వుండేది. చాలాకాలం అది 8,000 రూపాయలే. 2020 జనవరి 3 నుంచి 15,000 చేశారు.

పట్టిక చూసి అంతే అనుకోవడం కూడా పొరపాటే. 1968లో ఒరిస్సాలో ఒక వడ్రంగి, సినిమాహాలులో అలంకారపు పని చేస్తూ కిందపడ్డాడు. ఎడమచెయ్యి మోచేతి పైకి తీసివేయవలసి వచ్చింది. ఒక చెయ్యే గదా పోయింది, ఇది పాక్షిక నష్టమే అన్నాడు యజమాని. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒంటిచేత్తో వడ్రంగం చెయ్యడం సాధ్యం కాదు గనుక అతను వడ్రంగిగా పూర్తిగా పనికిరాకుండా పోయినట్టే అని 1975 డిసెంబరులో కోర్టు తీర్పు చెప్పింది. నూటికి నూరు శాతం లెక్కన కట్టాలన్నది. పరిహారం ప్రమాదం జరిగిన రోజునే బాకీ పడుతుంది, కమిషనరు తీర్పు చెప్పిన రోజున కాదు అనే మాట కూడా ఈ తీర్పులోదే.

అందుచేత కొలవవలసింది శరీరంలో ఎంత ముక్క పోయిందని కాదు, సంపాదనలో ఎంత పోయిందని. గుమాస్తాకు కాలు పోవడం వేరు, హమాలీకి కాలు పోవడం వేరు. మనవాళ్ళకు బాగా అలవాటైనది పింఛను కోసం తీసుకునే సదరం సర్టిఫికెట్టు. అది శరీరంలోని లోపాన్ని చెబుతుంది. సంపాదనాశక్తి ఎంత పోయిందో చెప్పే డాక్టరు అభిప్రాయం వేరే కావాలి. పింఛను కాగితం ఒక్కటే పట్టుకొని పోయి, తక్కువ శాతంతో తిరిగివచ్చే ప్రమాదం వుంది.

చట్టంలో నాకు నచ్చని చోటు ఒకటి వుంది. దీనికి ఒక జాబితా వుంది. ఆ జాబితాలోని పనులకే ఈ రక్ష. ఫ్యాక్టరీ, గని, భవన నిర్మాణం అందులో వున్నాయి. చెట్లు కొట్టడం, తాటిచెట్టు గీత గూడా వున్నాయి. వ్యవసాయం దగ్గరికి వచ్చేసరికి ట్రాక్టరుతో గానీ, ఆవిరి, కరెంటు, ఇతర యంత్రబలంతో నడిచే సాధనాలతో గానీ జరిగే సేద్యం అన్నారు. రోటవేటరు కింద కాలుపడ్డ డ్రైవరు అందులోకి వస్తాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో వంగి మిరపకాయ కోసే ఆడమనిషిని పాము కరిస్తే, ఆమెను ఆ జాబితాలో ఎక్కడ వెదకాలి? పొలం యజమానికి పట్టాదారు పాసుపుస్తకం వుంటే 2018లో వచ్చిన రైతుబీమా కింద, 18 నుంచి 59 ఏళ్ళ లోపు ఏ కారణంతో పోయినా ఆయన ఇంటికి అయిదు లక్షలు. అదే పొలంలో కూలికి వచ్చిన మనిషికి పాసుపుస్తకం లేదు, బీమా లేదు. చావులో గూడా గట్టు అడ్డం వచ్చిందన్నమాట.

తిరుమలాయపాలానికి తూర్పున ఇల్లందు, కొత్తగూడెం అడవుల్లో సింగరేణి గనులున్నాయి. అక్కడ కార్మికుడికి కంపెనీ ఆసుపత్రి వుంది, యూనియను వుంది, హాజరుపట్టీ వుంది. ప్రమాదం జరిగితే దాచడం కష్టం. ఒకే అడవి అంచున ఇటు గనికార్మికుడు, అటు మిరప కూలీ. ఇద్దరి మధ్య ఇంత తేడా!

కూలీల చావులు ఎక్కువగా రోడ్డు మీద జరుగుతున్నాయి. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరప కోతకు పోతున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది పోయారు. అదే సంవత్సరం జూన్ 24న యాదాద్రి జిల్లా లక్ష్మాపురం దగ్గర మరొక ట్రాక్టరు కాలువలో బోల్తాపడి పదిహేనుమంది పోయారు. వాళ్ళలో దాదాపు అందరూ స్త్రీలే. ఇటువంటి వాటికి మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునలుకు పోయే దారి వుంది. అక్కడ జాబితా గొడవ లేదు, జీతానికి పరిమితి లేదు. డ్రైవరు అజాగ్రత్తను మాత్రం రుజువు చెయ్యాలి. 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన సవరణ ఆరునెలల గడువు పెట్టింది గనుక ఆలస్యం చెయ్యరాదు. పనిలో జరిగిన మోటారు ప్రమాదమైతే రెండు దారులూ తెరచివుంటాయి. నడవవలసింది మాత్రం ఒకదానిలోనే. ఒకటి ఎంచుకున్నాక రెండోది మూసుకుంటుంది. ట్రాలీలో మనుషులను ఎక్కించడానికి బీమా ఒప్పుకోదంటూ కంపెనీలు అడ్డుతగలడం మామూలే కాబట్టి, దరఖాస్తు పెట్టేముందు పాలసీ కాగితం చూపించి వకీలును అడగడం మంచిది.

ఆ వకీలు ఫీజు మాట అడుగుతారేమో. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికీ తెగలవారికీ, పారిశ్రామిక కార్మికులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ ఆఫీసు వుంటుంది.

మేస్త్రీల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. "నాకేం తెలుసు, నేను మేస్త్రీకి గుత్తకిచ్చాను" అనే మాట పెద్ద పనులన్నిటిలో వినబడుతుంది. తన వ్యాపారంలో భాగమైన పనిని గుత్తకిచ్చినవాడు, తానే ఆ పనివాళ్ళను పెట్టుకున్నట్టు పరిహారం ఇవ్వాలి. తరువాత మేస్త్రీ దగ్గర వసూలు చేసుకుంటాడో మానుకుంటాడో అది వాళ్ళిద్దరి గొడవ. మనలాగా వుండడానికి ఇల్లు కట్టించుకునే ఉద్యోగస్తుడిది వ్యాపారం కాదు గనుక గుత్తపనిలో బరువు మేస్త్రీ మీదనే పడవచ్చు. కాని మేస్త్రీ లేకుండా మనమే రోజుకూలీకి పిలిచి పరంజా ఎక్కిస్తే? ఒకరోజు పనికి వచ్చినవాడు కార్మికుడు కాడన్న పాత మినహాయింపు 2000 సంవత్సరంలోనే పోయింది. పునాది రోజున టెంకాయకు, పూలకు పెట్టే ఖర్చులో బీమా పాలసీ ఖర్చు గూడా కలుపుకోవడం గృహిణులు గుర్తుపెట్టుకోదగిన విషయం.

ప్రమాదం జరిగిన ఇంటివాళ్ళు మొట్టమొదట జాగ్రత్త పడవలసింది ఆసుపత్రి చీటీ దగ్గర. "ఏమైంది?" అని డాక్టరు అడిగితే, పక్కనున్న యజమాని మనిషి "బండి మీదనుంచి పడ్డాడండీ" అంటాడు. నొప్పితో వున్నవాడు మాట్లాడడు. ఆ ఒక్కవాక్యం రిజిస్టరులోకి ఎక్కితే, రెండేళ్ళ తరువాత దాన్ని తుడిచివెయ్యడానికి పది సాక్ష్యాలు గూడా చాలవు. ఏ మిషను దగ్గర, ఎవరి పనిలో, ఎన్నిగంటలకు జరిగిందో డాక్టరు చేత అట్లాగే రాయించాలి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి. యజమానికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు లేకపోయినా, ప్రమాదం సంగతి ఆయనకు మరో విధంగా తెలిసివుంటే కేసు పోదు.

జీతానికి రుజువేదీ అని చాలామంది దిగులుపడతారు. మేస్త్రీ చిన్న నోటుబుక్కులో వేసుకున్న హాజరు, ఫోనులో వచ్చిపడ్డ కూలిడబ్బు, పక్కన పనిచేసినవాడి సాక్ష్యం ఇవన్నీ పనికివచ్చేవే. వయసుకు ఆధార్ కార్డు చూస్తారు. గుణకం దానిమీదనే ఆధారపడుతుంది గనుక అందులో అయిదేళ్ళు ఎక్కువ పడివుంటే అంతమేరకు పరిహారం తగ్గుతుంది.

దరఖాస్తుకు గడువు రెండు సంవత్సరాలు. తగిన కారణం చూపిస్తే ఆ తరువాత కూడా తీసుకోవచ్చు. పరిహారం నెలరోజుల్లో కట్టని యజమాని మీద నూటికి 12 వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా జాగుచేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా పడవచ్చు. బీమా కంపెనీ పరిహారాన్నీ వడ్డీనీ కడుతుంది గాని, ఈ జరిమానాను కట్టదు. యజమాని తన జేబులోనుంచే తియ్యాలి. తీర్పు నచ్చక ఆయన హైకోర్టుకు అప్పీలు పోదలిస్తే, ముందు ఆ సొమ్ము మొత్తం డిపాజిటు చెయ్యవలసిందే. గాయం మానేదాకా పనికి పోలేనివాడికి, పక్షానికొకసారి నెల జీతంలో నాలుగోవంతు వస్తుంది. ఈ.ఎస్.ఐ. వర్తించే ఫ్యాక్టరీలో పనిచేసేవాడి దారి వేరు. అతనికి యజమాని మీద ఈ దావా లేదు. ఆ సంస్థే జీతంలో సుమారు 90 శాతం లెక్కన ఇస్తుంది, శాశ్వత నష్టమైతే శాతాన్ని బట్టి జీవితాంతం నెలనెలా ఇస్తుంది.

2025 నవంబరు 21న సాంఘిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. వంద సంవత్సరాలు నడిచిన 1923 చట్టం అందులో కలిసిపోయింది. అంతకుముందు జరిగిన ప్రమాదాలకు పాత లెక్కే. కొత్త కోడ్‌లోనూ సగం జీతం, 60 శాతం, వయసు గుణకం అనే పద్ధతి అట్లాగే వుంది. రెండేళ్ళ గడువు, 12 శాతం వడ్డీ కూడా వున్నాయి. కమిషనరుకు బదులు సమర్థాధికారి అంటున్నారు. తెలుగు జిల్లాల్లో చిరకాలంగా ఈ పనిచూస్తున్నది కార్మికశాఖ డిప్యూటీ, అసిస్టెంటు కమిషనర్లే గనుక, వెదుక్కుంటూ పోవలసింది జిల్లా కార్మికశాఖ ఆఫీసుకే. ఇంటినుంచి పనికి పోతున్నప్పుడు, పని ముగించుకొని వస్తున్నప్పుడు దారిలో జరిగే ప్రమాదానికి గూడా పనితో సంబంధం తేలితే పరిహారం వుంటుందని కోడ్ స్పష్టంగా రాసింది. ఇది మంచి మార్పు. దీనికి కొద్దినెలల ముందు, 2025 జూలైలో, మహారాష్ట్రలో తెల్లవారుజాము డ్యూటీకి పోతూ దారిలో చనిపోయిన చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు కేసులో సుప్రీంకోర్టు పాత చట్టానికి గూడా ఈ అర్థమే చెప్పింది.

ఏటా మిరప కోతలకు భద్రాచలం అవతలి అడవుల్లోనుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు ఖమ్మం పల్లెలకు గుంపులుగా వచ్చి, చేలగట్ల మీద గుడిసెలు వేసుకొని వుంటారు. ఈ వూళ్ళ కుర్రాళ్ళు హైదరాబాదు కట్టుబడి పనులకు పోతారు. ప్రమాదం ఒకచోట, ఇల్లు మరొకచోట. కేసు ప్రమాదం జరిగిన వూళ్ళోనే వెయ్యాలన్న నియమం ఇప్పుడు లేదు. గాయపడినవాడు గానీ, పోయినవాడి కుటుంబం గానీ తాము కాపురముండే జిల్లాలోనే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు. హైదరాబాదులో పరంజా మీదనుంచి పడినవాడి భార్య, పిల్లలను చంకనెత్తుకొని అక్కడ ఆఫీసుల చుట్టూ తిరగనక్కరలేదు. ఖమ్మం బస్సెక్కితే చాలు.